మారెక్క తొట్టి

చలికాలం 38వ రోజు. పొద్దున ఏడు గంటలు. బయట సున్నాకు రెండు కింద.

ఈ మరమ్మతు పుస్తకంలో ఇంటికి రెండే గళ్ళు. ఒకటి ‘కారణం’, రెండోది ‘చేసిన పని’. అంతకు మించి ఒక్క ముక్క రాయొద్దని మా స్టోరు రామాంజులు సారు నెలకోసారి చెబుతాడు. నా నోరు రెండు గళ్ళలో పట్టేదైతే ఈ కాలనీలో నాకు ఇంత పేరెందుకొస్తుంది? గళ్ళు దాటి అంచుల్లో రాస్తాను, అంచులు చాలకపోతే వెనక పేజీలో రాస్తాను. ఇష్టమున్నవాళ్ళు చదువుకుంటారు.

మూడో వరుస, 17వ ఇల్లు. వేరుశనగ ఓబులేసుది. వేరుశనగ పోయి చాలా ఏళ్ళయింది, పేరు మాత్రం మిగిలింది. నాకు పెద్దనాయన వరస. ఇంట్లో ఆయన, భార్య తిప్పమ్మ, కాన్పుకని వచ్చిన మనవరాలు సుంకమ్మ ఉంటారు. సుంకమ్మకు తొమ్మిదో నెల. కుంపటి చల్లగాలి కొడుతోందని ఫిర్యాదు.

కొత్తగా పనిలో చేరేవాళ్ళు ఈ పుస్తకం తిరగేస్తారు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. మా కుంపట్లలో నిప్పులుండవు. కట్టెలు, బొగ్గులు ఎప్పుడో అయిపోయాయి. గోడకు బయట ఒక పెట్టె, లోపల ఒక పెట్టె. బయటి పెట్టె చలిగాలిలో మిగిలిన కాస్త వేడినీ లాగి లోపలికి పంపుతుంది. లాగేకొద్దీ దాని రేకుల మీద మంచు పేరుకుంటుంది. గంటకోసారి యంత్రం ఎదురు తిరిగి, ఇంట్లో వేడినే కాసేపు బయటికి పంపి ఆ మంచును కరిగించుకోవాలి. దాన్ని మేము విడుపు అంటాం. విడుపు పూర్తయిందని యంత్రంలోని బోర్డుకు చెప్పేది, రేకుల మధ్య తిరిగే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ అడుగున తగిలించిన సెన్సర్, చిటికెన వేలంత ఉంటుంది. విడుపు మూడుసార్లు వరసగా తప్పితే బోర్డు ఎర్ర లైటు వేసి అన్నీ ఆపేస్తుంది. అక్కడి నుంచి నాలుగు గంటల్లో ఇంటికీ వీధికీ తేడా ఉండదు.

నేను వెళ్ళేసరికి పెట్టె సగం దాకా మంచుగడ్డలో ఉంది. నా డబ్బాలోని వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోసి కరిగించాను. కత్తి పెట్టి గీకితే రేకులు చిరుగుతాయి, ఆ పని ఎవరూ చేయొద్దు. సెన్సర్ మార్చాను. అరగంట నిలబడి ఒక విడుపు చూశాను. మంచు జారింది, నీళ్ళు కిందనున్న తొట్టిలో పడ్డాయి, తొట్టి గొట్టంలోంచి గోడ దాటి వంటింటి కడవలోకి వచ్చాయి. పెద్దనాయన మొదటి దోసెడు పట్టి కళ్ళకద్దుకున్నాడు. మా వైపు కుంపటి నీళ్ళు వచ్చినప్పుడు అందరూ అలాగే చేస్తారు. పద్నాలుగు కరువులు చూసిన చేతులవి, చుక్క నేల పాలైతే ఓర్చుకోలేవు.

ఆ తొట్టి నాదే. నాలుగేళ్ళ కింద ట్యాంకరు వారానికోసారికి తగ్గినప్పుడు, కరిగిన మంచునీళ్ళు వీధిలో పారిపోతుంటే చూడలేక కట్టాను. పెట్టె అడుక్కి ఆనించి, చుక్క కూడా పక్కకు పోకుండా సిమెంటు తొట్టి, దానికో గొట్టం. రోజుకు బిందెడు నీళ్ళు. ఆఫీసు వాళ్ళు నాకు శాలువా కప్పారు, నా పేరు చెక్కిన ఇత్తడి పలక ఆఫీసు గోడకు బిగించారు. అన్ని ఇళ్ళకూ పెట్టాలని రూలు చేశారు. తొట్టి వద్దన్నవాళ్ళ పేర్లు ‘నీళ్ళు పారబోసేవాళ్ళు’ అని ఆఫీసు బోర్డు మీద రాస్తారు.

నేను సామాను సర్దుకుంటుంటే తిప్పమ్మ పెద్దమ్మ ఆ కడవలోంచే లోటాడు నీళ్ళు ముంచి ఇచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. పెద్దనాయన నన్ను ఉడికించాడు, మారెక్క చచ్చిపోతే గుడి కట్టక్కర్లేదు, ఊరంతా తొట్లే గుళ్ళు అని. నాకు లోపల సంతోషంగానే ఉండింది. అబద్ధమెందుకు?

కారణం: సెన్సర్. చేసిన పని: సెన్సర్ మార్చాను. విడుపు సరిగా ఉంది.

42వ రోజు. పొద్దున ఆరున్నర. సున్నాకు నాలుగు కింద.

ఎనిమిది ఫిర్యాదులు. అన్నిటిదీ ఒకే జబ్బు. పెట్టె గడ్డకట్టడం, ఎర్ర లైటు. వాటిలో 17వ ఇల్లు మళ్ళీ ఉంది. నాలుగు రోజులే అయింది నేను బాగుచేసి.

రామాంజులు సారు స్టోరులో లెక్క చూసి, కొత్తగా వచ్చిన సెన్సర్లు నాసివి అయ్యుంటాయన్నాడు. నాకూ అదే సబబనిపించింది. ఎర్ర లైటు వెలిగితే పుస్తకం చూపించే మొదటి కారణం సెన్సరే. మార్చిన ప్రతి ఇంట్లోనూ కుంపటి వెంటనే పనిచేసింది కూడా. ఇంకేం కావాలి?

17లో మళ్ళీ కరిగించాను. ఈసారి గడ్డ అడుగున ఎక్కువుంది. తొట్టి నిండా మంచు, పెట్టె అడుగు రేకుకు అంటుకుని ఉంది. దాన్ని కూడా వేడినీళ్ళతో విడిపించాను. యంత్రం చెడింది కాబట్టి తొట్టి గడ్డకట్టి ఉంటుంది. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.

సుంకమ్మ లోపలి గదిలో రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుంది. కాన్పు ఎప్పుడంటే పది రోజులంది. పిల్ల పుట్టేసరికి ఇల్లు వేడిగా ఉంటుందా అని అడిగింది. అప్పుడే పుట్టిన పిల్ల ప్రాణం పోవడానికి ఈ చలిలో రెండు గంటలు చాలు, నాకు తెలుసు, సుంకమ్మకూ తెలుసు. ఉంటుందని మాటిచ్చాను. ముప్పై ఏళ్ళుగా పాన తిప్పుతున్న చెయ్యి నాది, మాటివ్వకుండా ఎలా ఉంటాను?

కారణం: సెన్సర్. చేసిన పని: సెన్సర్ మార్చాను. స్టోరులో ఇంకా మూడు మిగిలాయి.

46వ రోజు. ఉదయం తొమ్మిది. సున్నాకు ఆరు కింద.

17వ ఇల్లు నిన్న సాయంత్రం మళ్ళీ ఆగింది. స్టోరులోని మూడు సెన్సర్లూ నిన్ననే వేరే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. కొత్తవి వచ్చే లారీ పొగమంచుకు ఘాటు రోడ్డు కింద ఆగిపోయిందట.

చేతిలో ఏమీ లేక వస్తూ వస్తూ అయిదో వరుసలో దస్తగిరి మామ ఇంటి ముందు ఆగాను. బోరుబావులు వేసే లారీ మీద ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, తొట్టి కట్టించుకోనని మొండికేసి నాలుగేళ్ళుగా బోర్డు మీద పేరు మోస్తున్నవాడు. నాకూ ఆయనకూ మాటల్లేవు. ఆయన కుంపటి పెట్టె రెండు బండరాళ్ళ మీద ఎత్తుగా కూర్చుని, ఏ రేకు మీదా మంచు లేకుండా తిరుగుతోంది. దాని నీళ్ళు నేల మీద పడి అరుగంత మంచు దిబ్బయింది. మామ గడ్డపారతో దాన్ని పొడిచి పక్కకు తోస్తున్నాడు. అంత నీటిని అలా చూడలేక ఆయన్ను నాలుగు మాటలన్నాను. ఆయన గడ్డపార ఆనించి నిలబడ్డాడు.

“నీళ్ళు వచ్చేకి దావ పెడ్తివి, బాగుండాది. పొయ్యేకి దావ యాడ పెడ్తివి మ్మే?”

“పొయ్యేకి ఎందుకు మామా? మనకేమన్నా నీళ్ళు ఎక్కువైనాయా?”

నాలుగేళ్ళ కింద కూడా ఆయన సరిగ్గా ఇదే అడిగాడు, నీళ్ళు పోయే దారి ఏదని. నా శాలువా చూసి కుళ్ళుకుంటున్నాడని అప్పుడు నలుగురిలో అన్నాను. ఈసారి ఆ గొడవ పెంచలేదు, ఎందుకంటే నాకు ఆయన సెన్సర్ కావాలి. అది పాత సరుకు, మంచిది. సిగ్గు విడిచి అడిగాను, ఎవరి కోసమో చెప్పాను. సుంకమ్మ పేరు వినగానే మామ లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తానే తెచ్చిచ్చాడు.

ఆయన పాత సెన్సర్ తీసుకుని, 17లో చెడిందని తీసేసినదాన్ని ఆయన పెట్టెకు తగిలించాను. అది ఒక్క రోజు కూడా పనిచేయదు మామా, లారీ రాగానే మొదటి సెన్సర్ నీకే అని చెప్పాను. ఆయన మళ్ళీ గడ్డపార అందుకున్నాడు.

కారణం: సెన్సర్. చేసిన పని: దస్తగిరి ఇంటి మంచి సెన్సర్ 17కు, 17లోని చెడిన సెన్సర్ దస్తగిరి ఇంటికి.

49వ రోజు. ఉదయం ఎనిమిది. సున్నాకు ఎనిమిది కింద.

ఓబులేసు పెద్దనాయన పోయాడు.

పక్కింటి వాళ్ళు కబురు చేస్తే పరుగెత్తాను. కుంపటి నిన్న మధ్యాహ్నమే ఆగిందట. మొన్నటికి మొన్న నేను బాగుచేశాను కదా, మళ్ళీ మారెక్కను ఎందుకు తిప్పించాలి, దానంతటదే వస్తుందిలే అని చూశారట. తన దుప్పటి కూడా మనవరాలికి కప్పి, ఆయన వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గొట్టం కింద కడవ ఎండిపోయి ఉంది. ఒక చెయ్యి ఆ కడవ మూతి మీద ఉంది. నీళ్ళు వస్తే తెలియాలని పెట్టుకున్నాడేమో.

నేను ఆయన కళ్ళు మూశాను. తర్వాత బయటికొచ్చి నా పని నేను చేశాను. ఇంకేం చేయను? ఇంట్లో ఇంకో రెండు ప్రాణాలున్నాయి, సుంకమ్మ కడుపులోది మూడో ప్రాణం. గుమ్మం పక్కన రోకలి ఆనించి ఉంది, దాని కొసనున్న ఇనుప పొన్ను మీద మంచు నూగులా పట్టి ఉంది. ముసలాయన దాంతో పెట్టె మీది గడ్డ కొట్టాలని చూశాడనుకుని దాన్ని పక్కకు జరిపి నిచ్చెన వేసుకున్నాను. కరిగించాను. పనిచేసింది. మొదటిసారి నాలుగు రోజులు నడిచింది, తర్వాత మూడు, తర్వాత రెండు. ఈసారి ఎంతో.

పక్కింటివాళ్ళు సుంకమ్మను తమ ఇంటికి రమ్మన్నారు. చావు మైల ఉన్నవాళ్ళం ఒకరి గడప తొక్కకూడదని తిప్పమ్మ పెద్దమ్మ ఒప్పుకోలేదు. పైగా ఆ ఇంటి కుంపటి కూడా ఈ చలికాలంలో రెండుసార్లు ఆగింది, నేనే బాగుచేశాను. పదకొండు రోజుల దాకా ఆ ముగ్గురికీ ఈ గోడలే గతి, ఈ గోడలకు ఆ పెట్టే గతి.

కారణం గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది. ‘సెన్సర్’ అని రాశాను. దస్తగిరి మామ ఇచ్చిన మంచి సెన్సర్ మీద ఆ మాట రాశాను.

50వ రోజు. రాత్రి. సున్నాకు ఎనిమిది కింద.

దస్తగిరి మామతో పోట్లాడాలనే వెళ్ళాను. నీ సెన్సర్ కూడా పుచ్చిదేనని మొహం మీద చెప్పాలనుకున్నాను. ఆయన కుంపటి నాలుగు రోజుల కిందే ఆగిపోయి ఉంటుందని, ముసలాయన చలిలో ఉంటాడని నా డబ్బాలో వేడినీళ్ళు కూడా పట్టుకెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఆయన పెట్టె విడుపులో ఉంది. రేకుల్లోంచి ఆవిరి లేస్తోంది. మంచు పొరలు పొరలుగా జారి కింద పడుతోంది, నీళ్ళు నేల మీదికి వెళ్ళిపోతున్నాయి. నేను చెడిందని తీసేసిన సెన్సర్‌తోనే.

ఆయన ఇంటి ముందు బండరాయి మీద కూర్చుండిపోయాను. మామ టీ తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయాడు.

ఇంటికొచ్చి పుస్తకం మొదటి నుంచీ తిరగేశాను. ఈ చలికాలం ఫిర్యాదు వచ్చినవి ఇరవై ఆరు ఇళ్ళు. ఇరవై ఆరింటికీ తొట్టి ఉంది. కాలనీ మొత్తంలో తొట్టి లేనివి మూడే: దస్తగిరి ఇల్లు, పాత బడి, మిద్దె మీద పెట్టె ఉన్న రేషను షాపు. ఆ మూడింటి నుంచీ ఒక్క ఫిర్యాదు రాలేదు. మొదటి మూడేళ్ళూ చలి సున్నా చుట్టూ ఉండేది, తొట్టిలో నీళ్ళు గడ్డకట్టేలోపే లోపలికి వచ్చేవి. ఈ ఏడు ఆకాశపు పరదా ఇంకా మందమైంది. ఎండ తగ్గించడానికి దాన్ని ఆకాశానికి కట్టినవాళ్ళు విప్పడం నేర్చుకోలేదు, అందుకే ఈ చలి. ముందు గొట్టం గడ్డకడుతుంది. తొట్టి నిండుతుంది, అదీ గడ్డకడుతుంది. నేను చుక్క పక్కకు పోకుండా ఆనించి కట్టాను కదా, ఆ గడ్డ పెట్టె అడుక్కి ఎక్కి, కాయిల్‌ను, దాని కిందే ఉన్న సెన్సర్‌ను పట్టేసుకుంటుంది. ఇక యంత్రం ఎంత వేడి పోసినా ఆ బండ కరగదు. నేను వెళ్ళిన ప్రతిసారీ వేడినీళ్ళు పోసి ఆ బండను నా చేత్తోనే కరిగించి, నయమైంది సెన్సర్ వల్ల అనుకున్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్ళూ చిటికెన వేలంత సెన్సర్‌ను తిట్టాను. పెట్టెకూ తొట్టికీ మధ్య ఒక మూరెడు ఖాళీ వదిలి ఉంటే చాలు. ఆ ఖాళీలోంచి నాలుగు చుక్కలు గాలికి పక్కకు పోతాయని వదల్లేదు.

ఇది తెలిసీ నేను ఈ రోజు సుత్తి పట్టుకోలేదు. ఇంకోసారి చూసుకుందాం, తొందరపడకూడదని నాకు నేనే చెప్పుకుని సంగటి తిని పడుకున్నాను. నాకు భయమేసింది. గోడ మీది ఇత్తడి పలక గుర్తొచ్చి భయమేసింది. ఒక మనిషి చచ్చిపోయాక కూడా పలకే గుర్తొచ్చింది. ఇది ఎవరూ అడక్కపోయినా రాస్తున్నాను.

51వ రోజు. సాయంత్రం. సున్నాకు తొమ్మిది కింద.

తెల్లారేసరికి సుంకమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఏడింటికి కుంపటి ఆగింది. ఎర్ర లైటు.

నేను వెళ్ళేసరికి మంత్రసాని గదిలో అందరి దుప్పట్లూ గోడలకు కట్టిస్తోంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది, ఇంట్లో. సుంకమ్మ నన్ను చూసి ఏమీ అడగలేదు. ఇచ్చిన మాట ఇద్దరికీ గుర్తుంది, ఇక అడగడమెందుకు?

సుత్తి తీసుకుని బయటికి పోయి తొట్టి మీద కొట్టాను. నేను కట్టిన సిమెంటు, అంత తేలిగ్గా పగలదు. నాలుగేళ్ళ కింద ఒకటికి రెండు పాళ్ళు సిమెంటు ఎక్కువ కలిపి, వందేళ్ళుంటుందని అందరికీ చెప్పుకున్నాను. వీధిలో జనం చేరారు. మారెక్క తొట్టిని మారెక్కే కొడుతోందని ఎవరో ఆఫీసుకు పరుగెత్తారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, నీళ్ళు పోతాయి మ్మే అంది. విదిలించుకున్నాను.

తిప్పమ్మ పెద్దమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“అది పగలగొడ్తే మంచు ఆగుతాదా?” అంది.

“ఆగుతాది పెద్దమ్మా.”

 ఆమె గుమ్మం పక్కన ఉన్న రోకలి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నాకు అప్పుడు ఆలోచించే తీరిక లేదు.

ఆఖరి దెబ్బకు తొట్టి రెండు చెక్కలయింది, నా సుత్తి పిడి కూడా విరిగింది. లోపల తొట్టి ఆకారంలోనే మంచు బండ, పెట్టె అడుక్కి కరుచుకుని ఉంది. మూడు డబ్బాల వేడినీళ్ళు పోశాక ఊడి నేల మీద పడింది. బోర్డు ఆపి మళ్ళీ పెట్టాను. సెన్సర్‌ను ముట్టలేదు.

మొదటి విడుపుకు నీళ్ళు నేల మీదికి పారాయి. అక్కడున్న నలభై మంది ఆ నీళ్ళు పోవడం చూస్తూ నిలబడ్డారు. ఒక ముసలామె ఆగలేక ఇంట్లోంచి తపేలా తెచ్చి కింద పెట్టింది. పెట్టుకో, కానీ మూరెడు కిందికి పెట్టు, గడ్డకట్టగానే తీసెయ్యి అన్నాను. అంతే, నాలుగేళ్ళ కింద చెప్పాల్సింది ఇంత చిన్న మాట.

ఒంటిగంటకు ఆడపిల్ల పుట్టింది. అప్పటికి గది పద్దెనిమిది డిగ్రీలకొచ్చింది. ఏడుపు వీధిలోకి వినిపించింది.

కారణం: తొట్టి. చేసిన పని: తొట్టి పగలగొట్టాను.

52వ రోజు. ఉదయం. సున్నాకు తొమ్మిది కింద. నిన్నటి నుంచీ 17లో విడుపు ఒక్కసారి కూడా తప్పలేదు.

రామాంజులు సారు మనిషి చెడ్డవాడు కాదు. తలుపేసి, నాకు కుర్చీ చూపించి, నిన్నటి పేజీ నా ముందు పెట్టాడు. మన తొట్టి నమూనా చుట్టుపక్కల కాలనీలన్నిటికీ పోయిందని, వాళ్ళందరికీ ఇప్పుడు ఏమని చెప్పాలని అడిగాడు. కాలనీ సామాను పగలగొట్టాలంటే పై నుంచి కాగితం రావాలట. కాగితం రావడానికి లారీ రావాలి. లారీ రావడానికి పొగమంచు తగ్గాలి. అందాకా నాకు స్టోరు నుంచి సుత్తి ఇవ్వడానికి లేదట.

“నీ పేరు నువ్వే యాల చెడుపుకుంటావు మారెక్కా? సెన్సర్ అని రాయి. తొట్లు ఎండాకాలంలో నిదానంగా తీసేద్దాం.”

“ఎండాకాలం దాకా ఎంతమంది ఉంటారు సార్?”

 నేను ఆయన ముందే పుస్తకం తీసుకుని ఇరవై ఆరు ఇళ్ళ దగ్గరా ‘సెన్సర్’ అన్న మాట కొట్టేశాను. ఇల్లిల్లుకూ ‘తొట్టి’ అని రాశాను. 49వ రోజు దగ్గర ఇంకో ముక్క చేర్చాను: తొట్టి కట్టింది మారెక్క. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఇది. అయినా ఇంకా కాలని చేతులు చాలా ఉన్నాయి ఈ ఊళ్ళో.

బయటికొస్తూ ఇత్తడి పలక కోసం చూశాను. చిన్న స్క్రూడ్రైవర్‌తో వచ్చేసింది. నాలుగు స్క్రూలే.

53వ రోజు. ఉదయం ఏడున్నర. సున్నాకు పది కింద.

ఊరంతా తెలిసేలోపు నేనే చెప్పాలని 17వ ఇంటికి పోయాను. సుంకమ్మ పిల్లను పక్కలో వేసుకుని నిద్రపోతోంది. ఇల్లు వెచ్చగా ఉంది. తిప్పమ్మ పెద్దమ్మ వంటింట్లో, పెద్దనాయన కూర్చున్న చోటనే కూర్చుని ఉంది. నన్ను కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. సెన్సర్ కాదు పెద్దమ్మా, నా తొట్టి వల్లే పోయాడు, నేను కట్టిన తీరు తప్పు, తెలిసినాక కూడా ఒక రోజు నోరు మూసుకున్నాను అని మొత్తం చెప్పాను.

ఆమె కడవను దగ్గరికి జరుపుకుంది.

“ఆయప్పకు తెలుసు మ్మే,” అంది. “పొయ్యే ముందు దినం సందకాడ రోకలి ఎత్తుకోని బయటికి పాయ. తొట్లో గడ్డ పైకెక్కిండాది, దీన్ని పగలగొడ్తేనే కుంపటి తిరుగుతాదని అనె. నేనే పొయ్యి చెయ్యి పట్టుకుంటి. మారెక్క కట్టింది, దానికి తెలీదా నీకు తెలుసునా, బోర్డు మింద పేరు ఎక్కిస్తారు, వద్దంటి. రోకలి గుంజుకోని గుమ్మం కాడ పెడ్తి.”

 నీ తప్పు కాదు పెద్దమ్మా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే అసహ్యమేసింది. నా పేరు అంత గట్టిది కాకపోయుంటే ఆమె ఆ చెయ్యి పట్టుకునేది కాదు.

ఆమె నాకు నీళ్ళివ్వలేదు. ఈ ఇంటికి నేను వచ్చిన ఇన్నేళ్ళలో నీళ్ళివ్వకపోవడం ఇదే మొదటిసారి. నేను వెనక్కి తిరిగి గడప దాటుతుంటే పిలిచింది.

“ఇంగ ఎన్ని ఇండ్లు ఉండాయి?”

“తొట్టి ఉన్నవి ఇంకా ముప్పై ఏడు.”

“సుత్తి ఇరిగిపాయె గదా.”

“స్టోరులో ఇవ్వరంట.”

గుమ్మం పక్కనున్న రోకలి తీసి నా చేతుల్లో పెట్టింది. నా ముఖం వైపు చూడలేదు.

“పో,” అంది.

మూడో వరుస, 18వ ఇల్లు. ఉదయం ఎనిమిది. కుంపటి తిరుగుతోంది, ఇంకా ఆగలేదు. కారణం: తొట్టి. చేసిన పని: పగలగొట్టాను, ఓబులేసు రోకలితో.

మూడో వరుస, 19వ ఇల్లు. ఉదయం ఎనిమిదిన్నర. కారణం: తొట్టి.